కిలిమంజారో ఆరోహణలో నిదానం: దీర్ఘమార్గం వెనుక ఉన్న శ్రమచరిత్ర

వ్యాస సంగ్రహం

ఆఫ్రికా ఖండంలో అత్యున్నతమైన కిలిమంజారో పర్వతాన్ని ఎక్కడానికి ఉన్న దారులలో పొడవైనవీ, మెల్లగా ఎత్తు పెరిగేవీ క్షేమకరమైనవని పేరు పొందాయి. ఎక్కువ రోజులు తీసుకుంటే శరీరం పలచని గాలికి అలవాటుపడుతుందన్నది దీనికి వైద్యశాస్త్రం చెప్పే కారణం. ఆ ఎక్కువ రోజులు పర్వతం మీద నిలవడం ఎలా సాధ్యమయిందన్నది మాత్రం చరిత్ర చెప్పవలసిన విషయం. 1848 నుంచి నేటి వరకు జరిగిన ఆరోహణలను ఈ దృష్టితో పరిశీలిస్తే, నిదానం అనేది ఆరోహకుని సుగుణంగా కన్నా ఇతరుల భుజాల మీద పైకి చేరిన ఒక వనరుగా కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కిలిమంజారో, చగ్గా జాతి, హాన్స్ మేయర్, మజిలీ, మోతకూలీలు, లెమోషో మార్గం.

1. ఉపోద్ఘాతం

టాంజానియా ఈశాన్య భాగంలో, భూమధ్యరేఖకు సుమారు మూడు డిగ్రీల దక్షిణాన కిలిమంజారో ఉంది. షిరా, మవెంజి, కిబో అనే మూడు అగ్నిపర్వత ముఖాల సముదాయమిది. వీటిలో షిరా అతి ప్రాచీనమైనది. అది కూలి పీఠభూమిగా మారింది. మవెంజి 5,149 మీటర్ల ఎత్తున కోసుకుపోయిన రాతి శిఖరం. కిబో అంచున ఉన్న ఉహురు శిఖరం 5,895 మీటర్లతో ఆఫ్రికాలోకెల్లా ఎత్తయిన స్థలం. అక్కడికి చేరడానికి వాడుకలో ఉన్న దారులలో చాలావాటికి తాళ్ళు, మంచుగొడ్డళ్ళతో పని లేదు, నడక చాలు. అయినా ఏటా ఎందరో మధ్యలోనే వెనుదిరుగుతారు, కొందరు ప్రాణాలు కోల్పోతారు. ఈ పర్వతం మీద మనిషికి అడ్డువచ్చేది నిటారుదనం కన్నా పలచని గాలి.

పర్వతం మీద పదే పదే వినిపించే స్వాహిలీ మాట ‘పోలే పోలే’. మెల్లగా, మెల్లగా అని దాని అర్థం. ‘నిదానమే ప్రధానం’ అనే తెలుగు సామెతకు ఇది చుట్టం వంటిది. రెండూ నిదానాన్ని మనిషి అలవరచుకోవలసిన గుణంగానే చెబుతాయి. చరిత్ర వైపు నుంచి చూస్తే ఇంకొక ప్రశ్న తలెత్తుతుంది. నిప్పుకు కట్టె, కొన్నిచోట్ల తాగడానికి నీరు సైతం దొరకని ఎత్తులో నిదానంగా ఉండగలగడానికి ఆహారం, వంటచెరకు, గుడారం, కంబళి కావాలి. వాటిని ఎవరో ఒకరు మోయాలి. కనుక ఈ పర్వతం మీద కాలానికి బరువుంది. ఆ బరువును ఏ కాలంలో ఎవరు మోశారన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. మంచు వార్త, తొలి ప్రయత్నాలు (1848–1888)

1848 మే 11న జర్మన్ మిషనరీ యోహానెస్ రెబ్‌మాన్ ఈ పర్వతం మీది తెల్లదనాన్ని చూశాడు. ఆయనకు దారి చూపుతున్నవాడు ఆ తెల్లదనానికి ‘బరిది’, అంటే చలి, అని పేరు చెప్పాడు. భూమధ్యరేఖ దగ్గర మంచు ఉండడం అసంభవమని లండన్‌లోని భూగోళశాస్త్రవేత్త విలియం డెస్‌బరో కూలీ ఈ వార్తను కొట్టిపారేశాడు. ఆయన ఆఫ్రికాలో అడుగు పెట్టినవాడు కాడు. వివాదం యూరపులో చాలాకాలం నడిచింది. పర్వతపు దక్షిణ, తూర్పు వాలుల మీద అరటితోటలు, కాలువలు నిర్మించుకొని తరతరాలుగా జీవిస్తున్న చగ్గా ప్రజలకు మాత్రం ఇందులో వివాదమేమీ లేదు. మచామే పాలకుడొకడు ఆ తెల్లని పదార్థమేమిటో తెలుసుకొని రమ్మని మనుషులను పంపాడనీ, వారిలో దాదాపు అందరూ చలికి నశించారనీ రెబ్‌మాన్ విన్న కథనం చెబుతుంది. ఈ కథనంలోని వివరాలు ఎలా ఉన్నా, పైకి తొందరపడి వెళ్ళినవారు తిరిగిరారన్న ఎరుక స్థానికులలో ముందే ఉన్నదని మాత్రం స్పష్టం.

తరువాతి యత్నాలు ఆ ఎరుకనే ధ్రువపరిచాయి. 1861లో బారన్ కార్ల్ క్లాస్ ఫాన్ డెర్ డెకెన్, రిచర్డ్ థార్న్‌టన్ అడవి మండలంలోనే, సుమారు 2,500 మీటర్ల దగ్గర, వాన కారణంగా ఆగిపోయారు. మరుసటి ఏడు డెకెన్, ఒట్టో కెర్‌స్టెన్ సుమారు 4,300 మీటర్ల దాకా వెళ్ళగలిగారు. 1871లో చార్లెస్ న్యూ మంచు అంచును తాకాడు. ఆయన వెంట వచ్చినవారు చలికి తాళలేక ఒకరి తరువాత ఒకరు నిలిచిపోయారు. ఆనాటి రచనలు ఇటువంటి ఘట్టాలను తరచు కూలీల పిరికితనంగా, మూఢనమ్మకంగా వర్ణించాయి. తీరప్రాంతపు వేడికి తగిన పలుచని బట్టతో, పాదరక్షలు లేకుండా, బరువెత్తుకొని గడ్డకట్టే చలిలోకి నడవడానికి నిరాకరించడం పిరికితనమా, వివేకమా అన్న విచారణ ఆ రచనలలో అరుదు.

లైప్‌సిగ్‌కు చెందిన భూగోళశాస్త్రవేత్త, ప్రచురణకర్తల కుటుంబీకుడు హాన్స్ మేయర్ 1887లో తొలిసారి ఈ పర్వతం మీదకు వెళ్ళాడు. సహచరుడు ఫాన్ ఎబర్‌స్టైన్ ముందే అలసి ఆగిపోగా మేయర్ ఒంటరిగా మంచుగోడ వరకు చేరి, తగిన పరికరాలు లేక వెనుదిరిగాడు. 1888లో ఆస్కర్ బౌమాన్‌తో కలిసి చేసిన రెండవ యాత్ర పర్వతాన్ని చేరనే లేదు. జర్మన్ల ఆక్రమణకు వ్యతిరేకంగా తీరప్రాంతంలో అబుషిరి నాయకత్వాన చెలరేగిన తిరుగుబాటులో ఇద్దరూ బందీలయ్యారు. పదివేల రూపాయలు చెల్లించిన మీదట విడుదలయ్యారు. విమోచన ధనం రూపాయలలో ఉండడం ఆశ్చర్యం కాదు. ఆనాడు తూర్పు ఆఫ్రికా తీరంలో భారతీయ రూపాయే వ్యవహార నాణెం.

ఈ నాలుగు దశాబ్దాల వైఫల్యాలలో ఒక పోలిక ఉంది. ప్రతి బృందమూ కింది గ్రామాల నుంచి బయలుదేరి, వెంట తెచ్చుకున్న ఆహారం అయిపోయేలోగా పైకి వెళ్ళి దిగిరావాలని చూసింది. తిండి గింజలే వారి గడియారం. ఆ గడియారం తొందరపెట్టింది, శరీరం సహకరించలేదు.

3. 1889: మజిలీల వ్యూహం

1889 యాత్రకు మేయర్ చేసిన మార్పులు రెండు. మొదటిది, ఆల్ప్స్ పర్వతాలలో ఆరితేరిన ఆస్ట్రియా వాసి లూడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌ను వెంట తీసుకువెళ్ళడం. పర్వతారోహణ చరిత్రలు ఎక్కువగా చెప్పేది దీన్నే. రెండవది అంతకన్నా ముఖ్యమైనది: పర్వతం మీద మెట్లుమెట్లుగా మజిలీలు ఏర్పరచడం. చగ్గా పాలకుడు మరేలే ఏలుబడిలోని మారంగు ప్రధాన స్థావరమైంది. అడవి దాటిన తరువాత ఒక మధ్య మజిలీ, సుమారు 4,300 మీటర్ల ఎత్తున పై మజిలీ వెలిశాయి. పర్వతం మీదికి వెళ్ళిన సహాయక బృందంలో ఇద్దరు నాయకులు, తొమ్మిదిమంది మోతకూలీలు, ఒక వంటవాడు, ఒక దారి చూపేవాడు ఉన్నారు. కూలీలు కింది నుంచి ఆహారం, వంటచెరకు విడతలవారీగా పైకి చేరవేస్తూ వచ్చారు. పంగని వాసి మ్విని అమాని పై మజిలీలోనే ఉండి, ఇద్దరు యూరోపియన్లు శిఖరం వైపు వెళ్ళినప్పుడల్లా విడిదిని కాపాడాడు.

ఈ ఏర్పాటు ఫలితం అక్టోబరు 3న కనిపించింది. ఆనాడు మేయర్, పుర్ట్‌షెల్లర్ మంచులో మెట్లు చెక్కుకుంటూ అగ్నిముఖపు అంచు దాకా ఎక్కారు. అత్యున్నత స్థలం ఇంకా దూరాన ఉందని అక్కడ తెలిసింది. పొద్దు, ఓపిక రెండూ తరిగిపోవడంతో వెనుదిరిగారు. 1887లోనైతే ఇది అంతిమ వైఫల్యమై ఉండేది. ఇప్పుడు వెనుదిరగడమంటే గ్రామానికి దిగడం కాదు. తిండి, నిప్పు, పడక సిద్ధంగా ఉన్న పై మజిలీకి చేరడం. వారు విశ్రమించి మళ్ళీ బయలుదేరి, ఒక రాత్రి లావా గుహలో గడిపి, అక్టోబరు 6న శిఖరాన్ని చేరుకున్నారు. ఆ తరువాత కూడా మవెంజిని ఎక్కడానికి ప్రయత్నిస్తూ కొన్నాళ్ళు ఆ ఎత్తులోనే ఉన్నారు. మవెంజి శిఖరం మాత్రం వారికి దక్కలేదు.

మేయర్ మజిలీలను ఏర్పరచింది ప్రధానంగా సరఫరా కోసం. అయితే ఆ ఏర్పాటు వల్లనే వారి శరీరాలకు ఎత్తుకు అలవాటుపడే వ్యవధి దొరికింది. శిఖరాన్ని గెలిచింది అదనపు ధైర్యం కాదు, అదనపు రోజులు. ఆ రోజులను పైకి మోసుకువచ్చినవారు చగ్గా, తీరప్రాంతపు కూలీలు. శిఖరానికి మాత్రం జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్ పేరు పడింది.

1989లో తొలి ఆరోహణ శతాబ్ది సందర్భంగా చగ్గా వృద్ధుడు యోహానీ కిన్యాలా లౌవోకు ఆనాటి మార్గదర్శిగా గుర్తింపు లభించింది. ఆయన 1996లో మరణించాడు. 1889లో ఆయన పాత్ర ఎంతవరకన్నది చర్చనీయమే. మేయర్ కథనం శిఖరాన ఇద్దరినే చూపుతుంది. అయితే ఈ చర్చ ఒక శతాబ్దం ఆలస్యంగా జరగవలసి రావడంలోనే అసలు విషయం ఉంది. మజిలీల ఎత్తును మీటర్లలో లెక్కించిన రచనా సంప్రదాయం ఆ మజిలీలకు బరువు చేర్చినవారి పేర్లను అదే శ్రద్ధతో నమోదు చేయలేదు.

4. శరీరం అడిగే కాలం

మేయర్ యాత్రకు 11 ఏళ్ళ ముందే, 1878లో, ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ వాయుపీడనంపై వెలువరించిన బృహద్గ్రంథంలో పర్వతాల మీది అస్వస్థతకు కారణం ఆమ్లజని పీడనం తగ్గడమేనని నిరూపించాడు. 1890లో మరొక ఫ్రెంచి శాస్త్రవేత్త వియో, పెరూ దేశపు గని పట్టణం మొరొకోచాలో చేసిన పరిశీలనల ఆధారంగా, ఎత్తున నివసించేవారి రక్తంలో ఎర్రకణాల సంఖ్య పెరుగుతుందని ప్రకటించాడు. ఉహురు శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. గాలిలో ఆమ్లజని పాలు మారదు. ఒక్కొక్క శ్వాసలో అందే పరిమాణం తగ్గుతుంది.

శరీరం ఈ లోటును వెంటనే పూడ్చుకోలేదు. మొదట శ్వాస వేగం పెరుగుతుంది. దాని వల్ల రక్తంలో కలిగే క్షారత్వాన్ని మూత్రపిండాలు సరిదిద్దడానికి రోజులు పడుతుంది. ఎర్రకణాల పెరుగుదలకు వారాలు కావాలి. ఈ గడువు ఇవ్వకుండా ఎక్కితే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలై, కొందరిలో ఊపిరితిత్తులలో నీరు చేరడం, మెదడు వాయడం వంటి ప్రాణాంతక స్థితులు వస్తాయి. 3,000 మీటర్లు దాటాక నిద్రించే స్థలం ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఉండాలనీ నేటి వైద్యుల సలహా. పగలు ఎంత ఎత్తుకు వెళ్ళారన్నదాని కన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. అంటే ఆరోహణకు నిజమైన కొలమానం మజిలీయే.

5. గుడిసెల దారి, పడమటి దారి

మేయర్ నడిచిన వైపునే మారంగు మార్గం రూపుదిద్దుకొంది. 1912 నాటికి జర్మన్ పాలనలో ఆ దారిన బిస్మార్క్, పీటర్స్ పేర్లతో రెండు విశ్రాంతి గృహాలు వెలిశాయి. బ్రిటిష్ పాలనలో కిబో గుడిసె వచ్చింది. 1961లో స్వాతంత్ర్యం వచ్చాక శిఖరం ‘ఉహురు’, అంటే స్వేచ్ఛ, అయింది. తరువాత బిస్మార్క్ గృహం మండారాగా, పీటర్స్ గృహం హొరొంబోగా మారాయి; రెండూ చగ్గా పాలకుల పేర్లు. పర్వతం 1973లో జాతీయ ఉద్యానమైంది, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

పేర్లు మారినా మజిలీల మధ్య దూరాలు మారలేదు. మారంగు దారిలో రాత్రి విడిదులు సుమారు 2,700, 3,700, 4,700 మీటర్ల దగ్గర ఉన్నాయి. ప్రతి రాత్రికీ వెయ్యి మీటర్ల పెరుగుదల. వైద్యుల సలహాకు రెట్టింపు. అయిదు రోజులలో ముగించదలచినవారికి ఈ దారి సులభంగా కనిపిస్తుంది: వాలు మెత్తన, పడకకు మంచం ఉంటుంది. ఆ సులభత్వంలోనే మోసం ఉంది. అదనంగా ఒక రోజు హొరొంబోలో గడపడం కొంత మేలు చేస్తుంది.

పడమటి వైపు కథ ఇంకా విశేషమైనది. షిరా పీఠభూమి మీదకు వాహనపు బాట ఉండేది. ఆ మార్గాన వచ్చినవారు మొదటి రోజే సుమారు 3,500 మీటర్ల దగ్గర తేలేవారు. చక్రాలు ఆదా చేసిన కాలాన్ని శరీరం తలనొప్పిగా చెల్లించేది. దీనికి ప్రత్యామ్నాయంగా అడవి గుండా కాలినడకన పీఠభూమిని చేరే లెమోషో మార్గం ప్రాచుర్యం పొందింది. సుమారు 70 కిలోమీటర్ల ఈ దారికి ఏడెనిమిది రోజులు పడుతుంది. రాత్రి విడిదులు వరుసగా: పెద్దచెట్టు అని అర్థం వచ్చే మ్టి మ్కుబ్వా 2,700 పైచిలుకు మీటర్లు, మొదటి షిరా 3,500, రెండవ షిరా 3,850, బరాంకో 3,970, కరాంగా 4,000, బరాఫు 4,670. రెండవ షిరా నుంచి బరాంకోకు వెళ్ళే రోజున 4,600 మీటర్ల దగ్గరి లావా స్తంభం దాకా ఎక్కి, మళ్ళీ 600 మీటర్లకు పైగా దిగి నిద్రిస్తారు. దాదాపు మూడు రాత్రులు 4,000 మీటర్ల పరిసరాలలోనే గడుస్తాయి. దూరం పెరిగింది, ఎత్తు పెరగలేదు; శరీరం కోరేది సరిగ్గా ఇదే.

ఈ దారి కూడా నిర్దోషమైనది కాదు. మొదటి, చివరి అంచెలలో పెరుగుదల 500 మీటర్లను మించుతుంది. చివరి రాత్రి బరాఫు నుంచి 1,200 మీటర్లకు పైగా ఎక్కి, అదే రోజు సుమారు 3,100 మీటర్ల దగ్గరి మ్వేకా విడిదికి దిగవలసి ఉంటుంది. దీర్ఘమార్గం ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు.

6. ఆ కాలాన్ని మోసేవారు

బరాఫు అనే మాటకు స్వాహిలీలో మంచుగడ్డ అని అర్థం. పర్షియన్ ‘బర్ఫ్’ నుంచి హిందూ మహాసముద్రపు వర్తకుల వెంట అక్కడికి చేరిన మాట అది. హైదరాబాదు వీధులలో వినిపించే ‘బరఫ్’ కూడా ఆ కుటుంబానిదే. పేరులో మంచు ఉన్నా బరాఫు విడిదిలో తాగడానికి నీరు లేదు. చివరి నీటివనరు కరాంగా లోయలో ఉంది. అక్కడి నుంచి 670 మీటర్ల ఎత్తుకు, బృందంలోని ప్రతి ఒక్కరూ తాగే, వండుకునే నీటిని మోతకూలీలే చేరవేస్తారు. దీర్ఘమార్గపు ప్రతి అదనపు రాత్రికీ ఇటువంటి లెక్క ఉంది.

ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. యాత్రికుడు ‘పోలే పోలే’ అంటూ నడుస్తాడు. అతనికన్నా ఆలస్యంగా విడిది ఎత్తి, బరువుతో అతన్ని దాటి వెళ్ళి, అతను చేరేలోగా గుడారం వేసి నీరు కాచేవాడు మోతకూలీ. ఒకరి నిదానం మరొకరి తొందర మీద నిలబడుతుంది. ఇద్దరూ పీల్చేది అదే పలచని గాలి. కూలీకి ఎత్తు వల్ల అస్వస్థత కలగదన్నది నిజం కాదు. పర్వతం కింది వాలులలో పుట్టినంత మాత్రాన 4,600 మీటర్లకు శరీరం అలవాటుపడి ఉండదు.

ఉద్యాన నిబంధనలు ఒక్కొక్క కూలీ మోయవలసిన బరువును 20 కిలోలకు పరిమితం చేశాయి. ద్వారాల వద్ద మూటలు తూకం వేస్తారు. కూలీల వేతనం, తిండి, తగిన దుస్తులు, పడుకునే గుడారం విషయమై పనిచేసే సంస్థ 2003 నుంచి ఉంది. ఇటువంటి సంస్థ అవసరమైందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. 1871లో న్యూ వెంట వచ్చినవారిని వెనక్కి తిప్పిన చలిబట్ట సమస్య శతాబ్దం దాటినా పూర్తిగా పరిష్కారం కాలేదు. యాత్ర ధరను తగ్గించవలసివస్తే సంస్థలు రోజులను తగ్గిస్తాయి, లేదా కూలీకి దక్కేదాన్ని తగ్గిస్తాయి. మొదటిది యాత్రికుని ప్రాణానికి, రెండవది కూలీ ప్రాణానికి ముప్పు.

7. తెలుగు నేలతో సంబంధం

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనది కాదు. తెలంగాణ రాష్ట్రావతరణకు ఎనిమిది రోజుల ముందు, 2014 మే 25న, నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరాన్ని అధిరోహించాడు. భువనగిరి బండ మీద, తరువాత డార్జిలింగ్, లడఖ్‌లలో పొందిన శిక్షణ ఆ విజయానికి పూర్వరంగం. 2016లో పూర్ణ కిలిమంజారోను ఎక్కింది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఎందరో ఆ దారి పట్టారు.

అయితే ఈ వార్తలను పత్రికలు తరచు ‘అతి పిన్న వయసు’, ‘అతి తక్కువ సమయం’ అన్న రెండు కొలతలతో అందిస్తాయి. 2014లో కార్ల్ ఎగ్లోఫ్ కిలిమంజారోను 6 గంటల 42 నిమిషాలలో ఎక్కి దిగిన మాట నిజమే. ఆయన 2,800 మీటర్లకు పైబడిన క్విటో నగరంలో పుట్టినవాడు. మైదాన ప్రాంతపు విద్యార్థికి ఆ వేగం ప్రమాణం కాజాలదు. తక్కువ రోజుల యాత్ర ఖర్చు తక్కువ గనుక, దాతల సాయంతో వెళ్ళే పేద విద్యార్థికే తొందర మార్గం అంటగట్టే ప్రమాదం ఉంది. నిదానం అక్కడ కూడా డబ్బున్నవారి సౌకర్యంగా మారకుండా చూడడం పంపేవారి బాధ్యత.

తెలుగు యాత్రాచరిత్ర విద్యార్థులకు ఇందులో ఒక పఠన పద్ధతి కూడా దొరుకుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రను మజిలీల క్రమంలో నమోదు చేశాడు. ఆయన పల్లకిని మోసిన బోయీలు ఆ మజిలీలన్నిటిలోనూ ఉన్నారు. మజిలీ ఎక్కడ పడిందన్నదానితోపాటు అక్కడికి బరువు ఎవరు చేర్చారన్నది అడిగినప్పుడు యాత్రాగ్రంథం శ్రమచరిత్రకు ఆకరమవుతుంది.

8. ముగింపు

1848 నుంచి 1888 వరకు కిలిమంజారో యత్నాలను ఓడించింది కాలం చాలకపోవడం. 1889లో మజిలీల వ్యూహం ఆ కాలాన్ని సమకూర్చింది. ఆ తరువాత శరీరశాస్త్రం ఆ కాలం ఎందుకవసరమో వివరించింది. లెమోషో వంటి దీర్ఘమార్గాలు దానిని సాధారణ యాత్రికులకు అందుబాటులోకి తెచ్చాయి. ఈ నాలుగు దశలలోనూ మారనిది ఒక్కటే: పైన గడిపే ప్రతి రోజూ కింది నుంచి ఎవరో మోసుకువచ్చినదే. అందువల్ల దీర్ఘమార్గాన్ని రోజులతో, మీటర్లతో కొలవడం చాలదు. ఆ రోజుల ఖర్చు ఎవరి భుజాన పడింది, వారికి దక్కిందేమిటి, వారి పేర్లు ఎక్కడ ఉన్నాయి అన్నవి కూడా ఆ కొలతలో చేరాలి. మ్విని అమాని కాపాడిన విడిది లేకుండా అక్టోబరు 6 లేదు. ఆ వాక్యానికి చోటిచ్చినప్పుడే పర్వతారోహణ చరిత్ర సమగ్రమవుతుంది.